రోజుకి బెత్తెడు

ఇంట్లో చిట్టి అని పిలిచే ఆ అమ్మాయికి నలభై ఏళ్లు. నీటి శాఖలో భూగర్భజలాలు చూసే ఇంజనీరు. ఆఫీసులో పదిమంది ఆమె మాట కోసం ఎదురుచూస్తారు కానీ, మేనమామ గడప తొక్కితే మళ్లీ చిట్టే. తల్లి నర్సు డ్యూటీలతో తిరిగే రోజుల్లో, బడి వదలగానే చిట్టి నేరుగా మావయ్య లాండ్రీకి వెళ్లేది. ఇస్త్రీ బల్ల కింద చేరి లెక్కలు చేసుకునేది. వేడి గుడ్డల వాసనతో పాటు అక్కడ ఒక తియ్యటి ఘాటు కూడా ఉండేది. అది డ్రైక్లీనింగ్ మందుది. మావయ్య ఆ దుకాణం మూసేసి పదేళ్లు దాటింది.

ఆ వేసవిలో పల్లపు వీధి బోరు నీళ్లలో ఆ మందు జాడ బయటపడింది. నలభై ఇళ్లు ఆ బోరు మీద ఆధారపడి ఉన్నాయి. మందు ఉండదగ్గ హద్దుకి ఆరు రెట్లుంది. చిట్టి వెంటనే బోరు ఆపించింది. ట్యాంకర్లు పెట్టించింది. తర్వాత మూలం కోసం వెతకడం మొదలైంది. నేలలో నీళ్లు వచ్చే దిక్కుకి ఎదురుగా, వంద అడుగులకొకటి చొప్పున సన్నటి బావులు వేస్తూ ఎగువకి నడిచారు. ఒక్కో బావికీ నీళ్లలో మందు అంకె పెరుగుతూ పోయింది. ఆఖరి బావిలో నీళ్లు తోడి సీసాలో నింపుతుంటే ఆమె ముక్కుకి ఆ తియ్యటి ఘాటు తగిలింది. తలెత్తి చూసింది. ఎదురుగా సైకిళ్లు బాగుచేసే కొట్టు. ఒకప్పుడు అదే మావయ్య లాండ్రీ.

సాయంత్రం ఆమె పెద్ద ఇంజనీరు గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇకనుంచి ఫలితాల మీద సంతకం నాది. తవ్వకం పని నువ్వు చూడు. మరి ఆయనకి ఎవరు చెబుతారు?"

"నేనే చెబుతాను సార్. నోటీసు కాయితం వెళ్లకముందే."

మావయ్య ముందుగదిలో రేడియో విప్పి, మరలన్నీ పళ్లెంలో పేర్చుకుని కూర్చున్నాడు. ఆమె చెప్పిందంతా విని, చేతిలో ఉన్న మర కూడా జాగ్రత్తగా పళ్లెంలో పెట్టాడు.

"అదెలాగే? ఆ మందు గుడ్డ మీద పోస్తే చిటికెలో ఎగిరిపోయేది కదా."

"గాలి తగిలితే ఎగురుతుంది మావయ్యా. మట్టిలోకి దిగితే ఇంకెక్కడికి ఎగురుతుంది? పైగా అది నీళ్లకన్నా బరువు. నూనెలా తేలదు. అడుక్కంటా దిగి, బంకమట్టి పొర తగిలిన చోట మడుగు కడుతుంది. మీదుగా పోయే నీళ్లు దాన్ని కొంచెం కొంచెం కరిగించుకుని పట్టుకుపోతాయి."

"అంత దూరమా?"

"అక్కడ నేలలో నీళ్లు రోజుకి జానెడు నడుస్తాయి. ఇది మట్టికి అంటుకుంటూ, వదులుకుంటూ, బెత్తెడు నడుస్తుంది. ఆ బోరు దాకా రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది."

మావయ్య కుడిచేతి వేళ్లు నాలుగూ దగ్గరగా చేర్చి కాసేపు చూసుకున్నాడు.

"మిషన్ అడుగున మడ్డి మిగిలేది. వారానికో బకెట్. వెనక గుంటలో పోసేయండి, భూమి తాగేస్తుంది అన్నాడు మందు అమ్మినవాడు. సరేనని పోశాను." మరల పళ్లెం పక్కకి జరిపాడు. "పసిపిల్లలు కూడా తాగారా ఆ నీళ్లు?"

"తాగారు. ఎన్నాళ్లుగానో ఇంకా తెలియదు. డాక్టర్లు ఇంటింటికీ వెళ్లి చూస్తున్నారు."

గుమ్మం దగ్గర టీ కప్పులతో నిలబడ్డ అత్తయ్య అక్కడే ఆగి అంతా వింది. కప్పులు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఎప్పుడూ చిట్టిని చూడగానే "ఎముకలు లెక్కపెట్టొచ్చు నిన్ను" అని మొదలుపెట్టే మనిషి.

మర్నాడు తెల్లవారగానే మావయ్య సైకిల్ కొట్టుకి వెళ్లి, వెనకవైపు నేల మీద సుద్దముక్కతో పెద్ద గుండ్రం గీశాడు. అక్కడినుంచి పల్లపు వీధికి దిగి మొదటి ఇంటి తలుపు తట్టాడు. "ఆ మందు నాది. నేనే పోశాను. అది చెబుదామనే వచ్చాను." వారం రోజుల్లో నలభై గుమ్మాలూ ఎక్కి దిగాడు. చిట్టి వద్దన్నా వినలేదు. కొందరు నిలబెట్టి కడిగేశారు. ఒక ముసలావిడ ముఖం మీదే తలుపేసింది. ఒకాయన మాత్రం చాలాసేపు చూసి, "నా పెళ్లి కోటు మీ దగ్గరే ఉతికించాను. మరకంతా పోయిందని సంబరపడ్డాను. మా బోరులోకి వచ్చిందన్నమాట!" అన్నాడు. ఆ మాట మావయ్య ఇంటికొచ్చి చెబుతూ నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

సోమవారం నేల తొలిచే యంత్రం వచ్చింది. సుద్ద గుండ్రంలో ఇరవై అడుగుల దాకా దించి, అడుగడుక్కీ మట్టి పైకి తీశారు. అందులో మందు ఉందంటే ఉంది, లేదంటే లేదు. అంత మడుగు కట్టవలసిన చోటు అది కానే కాదు. మావయ్య బిక్కమొహం వేశాడు. "ఇక్కడేనే! కళ్లు మూసుకుని చెబుతాను, ఇక్కడే!"

అప్పుడే ఆటో దిగి అత్తయ్య వచ్చింది. చెప్పులు సరిగా వేసుకోలేదు. చీర కొంగు చేతికి చుట్టుకుని ఉంది. నేరుగా చిట్టి దగ్గరికి వచ్చింది.

"అక్కడ కాదు చిట్టీ. ఇటు రా."

కొట్టు గోడకీ పక్కింటి గోడకీ మధ్య మనిషి అడ్డంగా పట్టే సందు ఒకటి ఉంది. దాన్ని చూపించింది.

"ఆ గుంట మూడో ఏడే పూడిపోయింది. మీ మావయ్యకి నడుం పట్టేసి మంచమెక్కారు కదా, అప్పుడు బకెట్ నేను మోశాను. గుంటలో పోస్తే పైకి పొంగింది. అందుకని ఇక్కడ పోశాను. ఆయన లేచాక కూడా మళ్లీ బరువు ఎత్తనివ్వలేదు. పదకొండేళ్లు నేనే పోశాను." మావయ్య వైపు చెయ్యి చూపించింది. "ఈయనేమో ఇల్లిల్లూ తిరిగి నేను పోశాను, నేను పోశాను అంటున్నారు. నాకు ముద్ద దిగడం లేదే."

చిట్టి మావయ్య వైపు తిరిగింది. "నీకు తెలుసా ఇది?"

"మోసింది తనేనని తెలుసు. గుంటలోనే పోస్తోందనుకున్నా," అన్నాడాయన నేల చూపులు చూస్తూ. "దుకాణం నాది. మందు నాది. పట్టేసిన నడుం నాది. చెయ్యి ఎవరిదైతేనేం?"

"మావయ్యా, ఇక్కడ త్యాగాలు పనికిరావు, కొలతలు కావాలి! ఒక రోజు యంత్రం వృథా అయింది నీ పెద్దరికం వల్ల." కోపంగానే అంది కానీ, అనేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. యంత్రం నడిపేవాడు తనకేమీ వినపడనట్టు ఆకాశం వైపు చూశాడు.

సందులో పదిహేడు అడుగుల లోతున, బంకమట్టి పైన, మందు దొరికింది. అత్తయ్య అన్న చోటికి అడుగు అటూ ఇటూగా.

అందినంత మట్టి తవ్వి తీసేశారు. అప్పటికే నీళ్లతో బయల్దేరిపోయినదాన్ని ఎవరూ తవ్వలేరు. దానికోసం వరసగా గొట్టాలు దింపి, నేలలోకి వంటనూనె ఎక్కించారు. నేలలో ఉండే సూక్ష్మజీవులు ఆ నూనె తిని పెరుగుతాయి. గాలి అందని చోట అవే మందులోని నాలుగు క్లోరిన్ ముక్కల్ని ఒక్కొక్కటే ఊడదీస్తాయి. నాలుగూ ఊడితే ఇక హాని ఉండదు.

"చూశావటే," అన్నాడు మావయ్య అత్తయ్యతో, "నాకు కూరలో చెంచాడు నూనె వెయ్యడానికి చెయ్యి రాదు నీకు. పురుగులకి పీపాలు పీపాలు పోస్తున్నారు."

"అవి పనిచేస్తున్నాయి మరి," అంది అత్తయ్య.

ఒక ఏడాది బాగానే గడిచింది. రెండో ఏడు పని ఆగింది. మూడు ముక్కలు ఊడి ఒకటి మిగిలిపోతోంది. ఆ మిగిలింది అసలు మందుకన్నా ప్రమాదం. చిట్టికి నిద్ర పట్టలేదు. ఆ ఒక్క మెట్టూ దాటించగల జీవులు ఈ నేలలో చాలినన్ని లేవని తేలింది. మరో చోట అదే పని చేస్తున్న నేలనుంచి తెచ్చిన జీవుల్ని గాలి తగలకుండా లోపలికి దింపారు. నాలుగు నెలలు అంకె కదలలేదు. ఐదో నెలలో దిగడం మొదలైంది.

నీళ్లు తీసే రోజున అత్తయ్యా మావయ్యా తప్పకుండా వచ్చేవాళ్లు. సీసాలు పెట్టే ఐసు పెట్టె పక్కన కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లు. వీధి చివర వాగు దగ్గరికి కూడా వచ్చారొకసారి. నేల నీళ్లు వాగులో ఊరే చోట సీసా ముంచుతూ, ఇక్కడ కాస్త జాడ ఉందని చిట్టి చెప్పింది.

"అయ్యో, చేపలు?" అంది అత్తయ్య.

"ఇక్కడ ఉన్నది చాలా తక్కువ అత్తా. ఆ రాళ్ల మీద నీళ్లు ఎగిరిపడుతున్నాయే, అక్కడ గాలిలో కలిసిపోతోంది. రాళ్లు దాటాక దిగువనుంచి తెచ్చిన సీసాలో అసలు దొరకలేదు."

అయినా అత్తయ్య ఆ రాళ్ల దిగువకి వెళ్లి, చేపపిల్లలు కనిపించేదాకా వంగి చూసి వచ్చింది.

ఐదో ఏడు వరసగా నాలుగు పరీక్షల్లో బోరు నీళ్లు హద్దుకి బాగా దిగువన వచ్చాయి. ఆ సందు దగ్గర ఇంకొన్నేళ్లు పని ఉంది. పల్లపు వీధి బోరు మాత్రం తెరవచ్చని పెద్ద ఇంజనీరు సంతకం చేశాడు. తలుపేసిన ముసలావిడ ఆ రోజూ బయటికి రాలేదు. మిగతావాళ్లంతా కుళాయి చుట్టూ చేరారు. నీళ్లు ధారగా వచ్చాయి. చిట్టి గ్లాసు నింపింది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు తప్ప చెయ్యి చాపలేదెవరూ. వాళ్లని తప్పుపట్టడానికి లేదు.

మావయ్య జనాన్ని తోసుకుని వచ్చి గ్లాసు అందుకున్నాడు. పెదాల దాకా తీసుకెళ్లేలోపే అత్తయ్య అతని చేతిలోంచి లాక్కుని, గటగటా తాగడం మొదలుపెట్టింది.

"నాకూ ఉంచవే!" అన్నాడాయన.

పెళ్లి కోటు ఆయన పకపకా నవ్వి, ఇంట్లోంచి ఇంకో గ్లాసు తెచ్చాడు.