తవ్వరాదు అన్న బోర్డు

గొర్రెపాల జున్నుకు సమాధి కట్టింది మీరే, సహాయ కమిటీ పెద్దలారా! సున్నం చల్లారు, దిబ్బ పోశారు, "తవ్వరాదు" అని బోర్డు పాతారు. అమలమ్మ కూతురి మీద మాత్రం ఒక పుల్లయినా గుచ్చలేదు.

డెబ్భై ఏడు ఉప్పెనప్పుడు అమలమ్మ కంకిపాడు దగ్గర వరికోతలకు పోయి ఉంది. నీళ్ళు తీశాక ఊరు చేరితే పేటలో ఇళ్ళు లేవు, పెళ్ళీడుకొచ్చిన కూతురు తెరేస లేదు. దొరికిన శవాలన్నీ గోతుల్లో పూడ్చేశారన్నారు. ఎక్కడని రెండు నెలలు అడగ్గా అడగ్గా కమిటీ ప్రెసిడెంటు వెంకటసుబ్బారావు అరుగు మీద నుంచి లేవకుండానే చెయ్యి చూపించాడు.

"అదిగో, బోర్డు కనపడట్లా? అక్కడే. వెళ్ళమ్మా, నా ప్రాణం తియ్యకు."

ఆమె నమ్మింది. పేటంతా నమ్మింది.

అప్పట్నుంచీ కూలి నుంచి వస్తూ దిబ్బ పక్కన చతికిలబడి కూతురితో మాట్లాడేది. ఎండ ముదిరితే మట్టిలోంచి వాసన లేచేది. పులిసిన పాల వాసన, తడిసిన గొర్రె బొచ్చు వాసన. అందరూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఆమె గుండెల నిండా పీల్చేది. "నువ్వేనా తెరేసా?" అనేది. ఇంటికెళ్ళినా అన్నం ముద్దలో అదే వాసన. పిల్ల వెంట వచ్చిందని రెండో కంచం పెట్టేది.

మరుసటేడు సమాధుల పండుగకు పేటవాళ్ళు దిబ్బకు సున్నం కొట్టి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించారు. ఫ్రాన్సు నుంచి వచ్చిన ముసలి ఫాదరుగారు ప్రార్థన చెప్పారు. సిలువ నిలబెట్టాలిగా మరి, బోర్డు ఏం చెబితే ఏం! శౌరయ్య గునపం వేశాడు. ఎముక తగల్లేదు. వెండిరంగు కాగితం చుట్టిన ముద్ద పైకొచ్చింది. కాగితం చిరిగిన చోట నీలంగా బూజు.

ఫాదరుగారు ముద్దను చేతిలోకి తీసుకుని వాసన చూశారు.

"ఇది మా దేశపు చీజు. గొర్రెపాలతో చేసి, కొండగుహల్లో పెట్టి, కావాలనే ఈ బూజు పట్టిస్తారు. మీకోసమని మావాళ్ళు పెట్టెలకు పెట్టెలు పంపారు. కుళ్ళిందనుకుని పూడ్చేశారా?"

"కావాలని బూజు పట్టించుకు తింటారా ఫాదరుగారూ? మా గుడిసెకి రండి, ఊరికే పెడతాం" అంది సువార్తమ్మ. ఒకరిద్దరు నవ్వారు. అమలమ్మ మొహం చూసి నోళ్ళు మూసుకున్నారు.

తను పీల్చింది దీన్నా! కంచం పెట్టింది దీనికా! ఆమె ఏడవలేదు. బోర్డు పెరికి భుజాన వేసుకుని నడిచింది. కొవ్వొత్తులు చేత్తో పట్టుకుని పేటంతా వెనక నడిచింది.

వెంకటసుబ్బారావు అరుగు మీదే ఉన్నాడు.

"విషమనుకున్నామే! తిని చస్తారని మీ మంచికే పూడ్పించా."

"మరి దాన్ని చూపించి నా పిల్లంటిరేందండీ?"

"అప్పుడు నీ ఏడుపు ఆగితే చాలనిపించింది. ఆ గోతులు ఎవడికి గుర్తున్నాయి?"

అమలమ్మ బోర్డు ఆయన కాళ్ళ ముందు పడేసింది. దానికింకా ఆ వాసన వదల్లేదు.

"లేవండి. గోతులు తవ్వినోళ్ళందర్నీ పిలిపించండి. మా వాళ్ళున్న ప్రతి గొయ్యీ చూపించండి. ఒక్కోదాని మీద మేం చెప్పిన పేర్లన్నీ రాయించి బోర్డు పాతండి. ఈ కొవ్వొత్తులు ఆరక ముందే. పదండి!"