రంగు పోకూడని గొట్టం

రంగు పోకూడని గొట్టంలోనే రంగు పోతోంది.

బ్రిస్బేన్ మధ్యాహ్నపు ఎండలో, ప్రయోగశాల మేడ మీద, పరిశోధక విద్యార్థిని టెగన్ ముందుకు వంగి చూసింది. బల్ల మీద రెండు గాజు గొట్టాలు. రెండింటిలోనూ నీలి రంగు కలిపిన నీళ్లే. ఒకదాంట్లో మాత్రం కంటికి ఆనని బంగారు రేణువులున్నాయి. అవి వెలుగును పట్టి రంగును విరగ్గొట్టాలి. బంగారం లేని గొట్టం నీలంగానే ఉండాలి. ఇప్పుడు అదీ వెలిసిపోతోంది. అంటే బంగారం గొప్పేమీ లేదు. టెగన్ ఇన్నేళ్ల పరిశోధన ఉత్తిదే.

నిధులు ఇవ్వాలో ఆపాలో తేల్చడానికి వచ్చిన లాక్లన్ అప్పుడే కలం తీశాడు.

"గొట్టం సరిగ్గా కడిగి ఉండదు," అంది టెగన్ గైడ్ ప్రొఫెసర్ గ్లెనిస్. ఆమె ముక్కు మీద ఎండకు పూసుకున్న జింక్ క్రీమ్ తెల్లగా మెరుస్తోంది.

టెగన్‌కు ఒళ్లు మండింది. తళతళలాడేలా కడిగింది తనే. కింద గదిలో దీపం ముందు ఇదే నీలం ఎన్నడూ చెక్కుచెదరలేదు. మేడెక్కాకే ఈ పీడ.

గొట్టం ఎత్తి ఎండకు పట్టింది. నీళ్లలో పాలచుక్క పడ్డట్టు సన్నటి తెలుపు.

ఒక్క అవకాశమిమ్మని లాక్లన్‌ను బతిమాలింది. పరుగున కిందికెళ్లి మరో రెండు గొట్టాల్లో నీలి నీళ్లు తెచ్చింది. బంగారం దేంట్లోనూ లేదు. ఒకదానికి బిరడా బిగించింది. రెండోదాంట్లో, మేడ తలుపు దగ్గర అందరూ పూసుకునే డబ్బాలోని క్రీమ్ చిటికెడు కలిపింది.

"నీళ్లు కూడా కమిలిపోతాయా ఏంటమ్మాయ్?" అని నవ్వాడు లాక్లన్.

కాసేపటికి ఆ నవ్వు ఆగింది. బిరడా గొట్టం నీలంగానే ఉంది. క్రీమ్ గొట్టం వెలవెలబోతోంది.

"ఈ క్రీమ్‌లోని జింక్ కూడా ఎండ తగిలితే రంగును తినేస్తుంది," అంది టెగన్. "నా బంగారం తప్పు లేదు."

"సరే. మరి మొదటి గొట్టంలోకి క్రీమ్ ఎలా వెళ్లింది?" అన్నాడు లాక్లన్.

టెగన్ ఆ మొదటి గొట్టం వైపు చూసింది. ఇందాక బిరడా వెతకడం దండగని ఆ గొట్టాన్ని లాక్కుని కుదిపిన చెయ్యి ఎవరిదో ఆమెకు గుర్తుంది. తన డాక్టరేట్ పట్టా మీద సంతకం పెట్టాల్సిందీ ఆ చెయ్యే. అది ఇప్పుడు మెల్లగా వీపు వెనక్కి పోతోంది.

"మీ బొటనవేలు, గ్లెనిస్," అంది టెగన్. "దాంతో మూతి మూసి కుదిపింది మీరే."