తొంభై మూడో పేజీ

నా పేరు అచ్చులో మొదటిసారి చూసుకున్నది 1981లో, నూట ఎనభై పేజీల నీలం అట్ట పుస్తకంలో. రెండు యురేనియం కంపెనీలు ఒకటి కాబోతున్నాయి, ఒప్పుకుంటారో లేదో ఓటు వేయండి అంటూ వాటాదారులకి పంపే పుస్తకం అది. కంపెనీల పేర్లు చెప్పను. రెండూ ఇప్పుడు లేవు. ఆ పుస్తకం మీద మాత్రం నాకు ఇప్పటికీ కోపమే. ఎందుకని అడిగితే సరిగ్గా చెప్పలేను.

నేను చిన్న కంపెనీలో జియాలజిస్టుని. ఆఫీసు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో, గని దక్షిణ టెక్సస్‌లో, కారులో ఆరు గంటల దూరం. గని అని పేరే గానీ అక్కడ గొయ్యి కూడా లేదు. ముళ్లపొదల మధ్య నాలుగు వందల బోరు రంధ్రాలున్నాయి, అంతే. ఒక్కో రంధ్రంలోకి తీగ చివర మీటరు కట్టి దింపుతాం. లోపల రేడియేషన్ ఎంతుందో అది కాగితం మీద గీత గీస్తుంది. ఆ గీతలు చూసి భూమిలో యురేనియం ఎంతుందో నేను లెక్క కట్టాలి.

చిక్కేమిటంటే ఆ మీటరుకి యురేనియం కనబడదు. లక్షల ఏళ్లుగా యురేనియం క్షీణిస్తుంటే వేరే పదార్థాలు పుడతాయి, మీటరు పసిగట్టేది వాటిని. భూగర్భంలో నీళ్లు యురేనియాన్ని కరిగించి పట్టుకుపోయినా అవి అక్కడే ఉండిపోతాయి. ఆవకాయ అయిపోయిన జాడీ మూత తీస్తే ఘాటు గుప్పుమంటుంది కదా, అలాగన్నమాట. నిజం తేలాలంటే రాతిని కోసి పైకి తెచ్చి లాబ్‌లో పరీక్ష చేయించాలి. ఖర్చెక్కువని మావాళ్లు నాలుగు వందల్లో పద్నాలుగింటికే చేయించారు.

ఆ పద్నాలుగూ నా బుర్ర తినేశాయి. ఉత్తరం వైపు తొమ్మిది రంధ్రాల్లో మీటరు పది అన్నచోట లాబ్ ఆరే అంది. దక్షిణం వైపు ఐదింట్లో మీటరు పది అంటే లాబ్ పదకొండు అంది. ఉత్తరాన్ని నమ్మితే గని దాదాపు సగం ఖాళీ, దక్షిణాన్ని నమ్మితే అనుకున్నదానికన్నా ఎక్కువ. ఉత్తరం రాళ్లు పైకి తెచ్చేటప్పుడు పొడి రాలిపోయి ఉంటుంది, మీటరు అంకెనే ఉంచు అన్నాడు మా బాస్ హాల్సీ. అలా రాలిన మాట కొంత నిజమే. కనీసం ఐదో వంతైనా తగ్గించాలని నేనన్నాను. ఐదో వంతేనని ఒట్టేసి చెప్పగలవా అన్నాడు. చెప్పలేకపోయాను.

విలీనం పనికి హ్యూస్టన్ నుంచి మిస్ కార్వర్ అనే లాయరు వచ్చింది. ఇలాంటి పుస్తకాల్లో లాభానికి తవ్వగలమని రుజువైన నిల్వలే రాయాలిట, భూమిలో ఇంత ఉండొచ్చు అనే అంచనాలు రాయకూడదుట. అయితే బేరాలప్పుడు ఆ అంచనా అవతలి కంపెనీకి ఇచ్చేశాం కాబట్టి ఇప్పుడు వాటాదారులకీ చూపించవచ్చుట. అంటే చెప్పకూడనిది ఒకరికి ముందే చెప్పేశాం గనక ఇప్పుడు అందరికీ చెప్పొచ్చా అని అడిగాను. దాదాపు అంతే అంది ఆవిడ. ఆ రోజు నుంచి నాకు ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో పూర్తిగా తెలియకుండా పోయింది.

చివరికి కుదిరిన ఏర్పాటు ఇది. పట్టికలో మీటరు అంకె ఉంటుంది. నా అనుమానం ఎక్కడో వెనక పేజీల్లో, ప్రమాదాల జాబితాలో ఉంటుంది. నేను ఒక పేజీ రాసిస్తే మిస్ కార్వర్ దాన్ని నాలుగు లైన్లు చేసింది, ‘తక్కువ కావచ్చు, ఎక్కువా కావచ్చు’ అంటూ. తొమ్మిది రంధ్రాల సంగతి, ఆరు అంకె సంగతి కచ్చితంగా ఉండాలని మూడు రోజులు మొండికేశాను. ఒప్పుకుంది. అది తొంభై మూడో పేజీలో పడింది. పన్నెండో పేజీలో, పట్టిక కింద, అంచనా కట్టినది చీఫ్ జియాలజిస్టు సాంబశివరావు అని వేయడానికి నా సంతకం కావాలన్నారు.

నా గ్రీన్ కార్డు దరఖాస్తు హాల్సీ సొరుగులో ఉంది. ఆయన దాని ఊసే ఎత్తలేదు. ఎత్తి బెదిరించి ఉంటే బాగుండేది, నాకు కోపమొచ్చి సంతకం పెట్టకపోదును. పుస్తకం ప్రూఫు రెండుసార్లు చదివాను. ఒక్క అబద్ధం లేదు. అబద్ధం లేనిదానికి సంతకం పెట్టనని ఏ నోటితో అంటాను? పెట్టేశాను. భయపడి పెట్టానో, న్యాయమేనని పెట్టానో ఆ క్షణంలో నాకే తెలియదు.

ఇక రాధాకృష్ణగారి సంగతి. నేను డాలస్‌లో విమానం దిగిన రోజు నన్ను కారెక్కించుకుని తీసుకెళ్లి మూడు నెలలు తన ఇంట్లో పెట్టుకున్న మనిషి. రోడ్ల శాఖలో వంతెనల ఇంజనీరు. నేను అన్నయ్యగారూ అంటాను, ఆయన భార్య ఉషగారిని వదినా అంటాను. ఆయనకి అవతలి పెద్ద కంపెనీలో వాటాలున్నాయి. పెన్సిల్వేనియాలో రియాక్టర్ ప్రమాదం జరిగినప్పటి నుంచి వాటి ధర జారుతూనే ఉంది, అమ్మేద్దామని ఆయన ఏడాదిగా గొణుగుతున్నారు. విలీనం వార్త పేపర్లో రాగానే ఫోన్ చేసి, మీ గని మంచిదేనా అని అడిగారు. పుస్తకం బయటికి వచ్చేదాకా నేనేమీ చెప్పకూడదండీ, చెబితే నేరం అన్నాను. ఆయన నవ్వారు.

“చెడ్డదైతే నువ్వు నాకు చెప్పకుండా ఉంటావుట్రా?” అన్నారు.

నేను మాట్లాడలేదు. రూలు ప్రకారం అదే సరి.

పుస్తకాలు పోస్టులో వెళ్లిన వారం తర్వాత, ఆదివారం భోజనానికి రమ్మన్నారు. వెళ్లేసరికి డైనింగ్ టేబుల్ మీద ఆ నీలం పుస్తకం పెళ్లి శుభలేఖలా కూర్చుని ఉంది, నాలుగు మూలలా పసుపుతో. వదిన పన్నెండో పేజీ తెరిచి నా పేరు పక్కన కుంకుమ బొట్టు కూడా పెట్టింది. ‘మనవాడి పేరు ఇంత పెద్ద పుస్తకంలో పడింది, పూజలో పెట్టి తీశాను’ అంది. మిగతా పేజీలు ఎవరూ తెరిచినట్టు లేదు, ప్రెస్సులో కోసిన అంచులు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి.

పప్పు వడ్డిస్తుండగా అన్నయ్యగారు చల్లగా చెప్పారు. ఓటు కార్డు మీద అవునని టిక్కు పెట్టి సోమవారమే పోస్టు చేసేశారుట. అంతటితో ఆగలేదు. మీనా కాలేజీ కోసం దాచినదంతా తీసి ఆ కంపెనీ వాటాలే ఇంకొన్ని కొన్నారుట. మీనా వాళ్ల ఒక్కగానొక్క కూతురు, వచ్చే ఏడు హైస్కూలు అయిపోతుంది.

పుస్తకం చదివారా అని అడిగాను.

“లాయర్ల ఇంగ్లీషు నాకేం అర్థమవుతుందిరా, సాంబా. నీ పేరుందా లేదా చూశాను. ఉంది. మేం వంతెన గీస్తే సేఫ్టీ ఫాక్టర్ అని కాస్త అదనపు బలం వేయకుండా సంతకం పెడతామా? నువ్వూ అంతేగా.”

పుస్తకం బయటికి వచ్చేసింది, ఇక అందులో ఉన్నది చెబితే నేరం కాదు. తొంభై మూడో పేజీ చదవమని మీనాని అడిగాను. ఆ పిల్ల స్కూల్లో డిబేట్ టీమ్‌లో ఉంది, గడగడా చదివేసింది. తొమ్మిది రంధ్రాలంటే ఏమిటో, ఆరు అంటే ఏమిటో నేను తెలుగులో చెప్పుకొచ్చాను. జాడీ ఉపమానం కూడా చెప్పాను. వదినకి చప్పున అర్థమైంది, అంటే ఖాళీ జాడీయా అంది. ఉత్తరం వైపు కావచ్చు, దక్షిణం వైపు కాదు, మొత్తానికి ఎంతో నాకూ తెలియదు అన్నాను.

అన్నయ్యగారి మొహం వాడిపోతుందనుకున్నాను. వెలిగింది.

“చూశావా ఉషా, తన కంపెనీ లోపం తనే అచ్చు వేయించాడు. ఇంత నిజాయితీపరుడి గనికి ఢోకా ఏముంటుంది?” అన్నారు.

ఏ నాలుగు లైన్ల కోసం మూడు రోజులు కొట్లాడానో, అవే ఆయనకి ఇంకాస్త ధైర్యమిచ్చాయి. ఏం చెబితే ఈయనకి భయం వేస్తుందో తోచక మజ్జిగ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. ఆయన మీద కోపమొచ్చింది. ఆయన నమ్మిన మనిషి మీద అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది.

మీనా పుస్తకం మూయలేదు. పేజీలో వేలు పెట్టుకునే నా వైపు చూసింది.

“అంకుల్, ఇట్ వాజ్ యువర్ మనీ అనుకోండి. మీరు కొంటారా?”

“కొనను,” అన్నాను.

ఆ మాట నన్ను అడక్కుండానే వచ్చేసింది. విలీనం పని మొదలైన ఎనిమిది నెలల్లో ‘కావచ్చు’ లేకుండా ఆ గని గురించి నేనన్న మొదటి మాట అదే. వాటాలు రేపే అమ్మేయొచ్చు, కొంత పోయినా కొంత మిగులుతుంది, వాటాదారుల మీటింగు రోజుకి ముందు ఓటు కూడా మార్చుకోవచ్చు అని ఏదేదో చెబుతూ పోయాను. ఎవరూ వింటున్నట్టు లేదు.

అన్నయ్యగారు ఎడం చేత్తో కళ్లజోడు పెట్టుకుని పుస్తకం తన వైపు లాక్కున్నారు. తొంభై మూడో పేజీ మళ్లీ చూశారు. తర్వాత పన్నెండు చూశారు. తర్వాత మొదటి పేజీకి వెళ్లి, అంటుకున్న కాగితాలు ఒక్కొక్కటే విడదీసుకుంటూ తిప్పడం మొదలుపెట్టారు.

“నువ్వైతే కొననన్నావే, ఆ ముక్క ఇందులో ఎక్కడుందిరా?” అన్నారు.

ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే వెతుకుతున్నారు. నూట ఎనభై పేజీలూ రెండుసార్లు చదివినవాణ్ని, అందులో అబద్ధం లేదని సంతకం పెట్టినవాణ్ని, నేనూ కుర్చీ జరుపుకుని ఆయన పక్కన కూర్చుని వెతికాను.