బొమ్మ ఒరిగిన వైపు

పొద్దున్నే కోడలు కుట్టుమిషను మూత తీసి, నాలుగు చుక్కల నూనె వేసి, కిటికీ తెరిచి పెరట్లోకి చూసేది. ముందు బొమ్మని, తర్వాత గేటుని. బొమ్మ ఇంకెంత ఒరిగిందో అని ఒక చూపు, పోస్టుమాన్ వస్తున్నాడేమో అని ఇంకో చూపు. ఆ నెలంతా ఈ రెండూ కలిసి ఆమెకి మనశ్శాంతి లేకుండా చేశాయి.

బొమ్మంటే అల్లాటప్పా బొమ్మ కాదు. రెండు నిలువుల ఎత్తు చెక్క మనిషి. చెక్కింది పోయిన మామగారు. ఆయన వ్యవహారమంతా తలకిందులే. ఎవరైనా దుంగని మొదలు కిందికి పెట్టి నిలబెడతారు. ఈయన మొదలు పైకి పెట్టాడు. వేళ్ళన్నీ జుట్టులా వస్తాయి, అంత జుట్టు వదులుకుంటానా అన్నాడట. జుట్టు బ్రహ్మాండంగానే వచ్చింది. ఆ తలకి ఆ సన్నకాళ్ళు ఏ మూలకి!

అలాగని ఊరికే ఒరిగే రకం కాదది. ఎవరైనా ఏదైనా దాస్తే వాళ్ళ వైపు ఒరిగేది. ఇందులో ఎవరికీ వింతేం లేదు, వానొస్తే చూరు కారినట్టే అదీనూ. ఓసారి పక్కింటాయన వీళ్ళ నిచ్చెన పట్టుకుపోయి, నేను చూడనే లేదన్నాడు. నెల తిరిగేసరికి బొమ్మ ప్రహరీ మీదికి వంగి ఆయన వంటింట్లోకి తొంగిచూసింది. ఆ సాయంత్రమే నిచ్చెన గోడ దాటి వచ్చేసింది. బొమ్మ తిరిగి నిటారుగా నిలబడటానికి మాత్రం ఇంకో నెల పట్టింది. అంత బరువు మరి, తొందర ఉండదు దానికి.

ఇప్పుడది కుట్టుమిషను గది వైపు ఒరిగింది.

కోడలికున్న ఆశ ఒకే ఒక్కటి. దూరంగా పట్నంలో ఉన్న పెద్ద నాటక కంపెనీవాళ్ళు వేషాల బట్టలు కుట్టేవాళ్ళు కావాలంటే, మూడు నమూనాలు కుట్టి పంపింది. ఎంపికైతే ఉత్తరం వస్తుంది. ఆ ఉత్తరం పట్టుకుని ముప్పయ్యో తారీఖులోగా వెళ్ళి చేరాలి. పన్నెండేళ్ళుగా పక్కవాళ్ళ చిరిగిన కాలర్లు తిప్పి కుడుతున్న చేతులు, రాజుల అంగీలు కుట్టాలని తహతహలాడుతున్నాయి. తనతోపాటు నమూనాలు పంపిన బొత్తాల కొట్టావిడకి, మీరు ఎంపిక కాలేదని జవాబొచ్చి పది రోజులైంది. ఈమెకి అవునూ లేదు, కాదూ లేదు.

"నువ్వేదో దాస్తున్నావు," అంది అత్తగారు, రోజూలాగే మిషను పక్కన స్టూలు వేసుక్కూర్చుని. "లేకపోతే అది నీ గది మీదికెందుకు వాలుతుంది?"

"దాచడానికి నా దగ్గరేముంది అత్తయ్యా, దారం కండెలా?"

"నాకేం తెలుసు? ఆ కుట్టు వంకరపోతోంది చూసుకో."

"పోవట్లేదు."

"పోతోంది."

పొద్దున మొదలైతే లైట్లు వేసేదాకా ఇదే వరస. కొడుకు గడియారాలు బాగుచేస్తాడు, తల్లికీ పెళ్ళానికీ మధ్య నోరు మెదపడు. సాయంత్రం రాగానే బొమ్మ తలకీ ఇంటి చూరుకీ మధ్య ఎంత ఎడం ఉందో కర్ర పెట్టి కొలిచి, పెళ్ళాం వంక అదోలా చూసేవాడు. ఆమెకీ అతని మీద అనుమానమే. నేను వెళ్ళడం ఇష్టం లేక ఈయనే ఉత్తరం నొక్కేశాడా? ఓరోజు నిలదీసింది.

"ఏవండీ, నా ఉత్తరం మీ చేతికొచ్చిందా?"

అతను కొలిచే కర్ర కింద పెట్టాడు. "ఉత్తరం సంగతి నాకు తెలీదు. సిగరెట్లు మాత్రం మానలేదు. గోడగడియారం వెనక పెట్టాను."

నాలుగు రోజులకి బొమ్మ అరంగుళం నిటారైంది. మిగతా ఒరుగు ఒరుగులాగే ఉంది.

అప్పుడు అత్తగారు మేస్త్రీని పిలిపించింది. ఇరవయ్యేళ్ళుగా, మీ మామగారు ఎలా పెట్టారో అలాగే ఉంటుందని దాన్నెవర్నీ ముట్టనివ్వని మనిషి! "ఎవరి నెత్తినైనా పడితే? ఇక కదలకుండా బిగించెయ్ మేస్త్రీ," అంటుంటే, సూదిలో దారం ఎక్కిస్తున్న కోడలి చెయ్యి ఆగిపోయింది. ఈవిడకెందుకింత తొందర?

మేస్త్రీ బొమ్మ చుట్టూ తిరిగి కాళ్ళ మీద తట్టి చూశాడు. "బరువంతా పైనే ఉంది. మొదలు పైకి పెట్టిన మహానుభావుడెవరమ్మా?"

"మా ఆయన."

"ఓహో," అని ఊరుకున్నాడు.

నాలుగు వైపులా గుంజలు పోటు పెట్టి, తాళ్ళు లాగికట్టి, బొమ్మని నిటారుగా తెచ్చాడు. కాళ్ళ చుట్టూ నడుంలోతు గొయ్యి తవ్వాడు. ఇనుప ఊచలు కాళ్ళకి ఆనించి పట్టీలు బిగించాడు. రాళ్ళు పేర్చి, కాంక్రీటు వెడల్పుగా పోశాడు. అడుగు వెడల్పుంటే తల ఎంత బరువైనా ఏం చెయ్యలేదన్నాడు. వారం రోజులు తడి గోనెసంచులు కప్పి ఉంచమన్నాడు. మొక్కలకి చెంబెడు నీళ్ళు పొయ్యమంటే నడుంనొప్పనే అత్తగారు, ఆ సంచుల్ని పూటకి రెండుసార్లు తడిపింది. కిటికీలోంచి కోడలు అన్నీ చూస్తూనే ఉంది.

ఇరవై ఏడో తారీఖున, కొడుకు కూడా ఇంట్లో ఉన్న పూట, మేస్త్రీ వచ్చి గుంజలు తీసేశాడు. బొమ్మని భుజంతో నెట్టాడు. ఉలకలేదు, పలకలేదు. అత్తగారు హమ్మయ్య అంది. మేస్త్రీ ఆఖరిసారి సరిచూద్దామని, బొమ్మ చాచిన చేతికి తన దారం కట్టి, ఇనుప గుండు వదిలాడు. దారం తిన్నగా కిందికి వేలాడాలి. వేలాడలేదు. కుళాయి దగ్గర నిలబడ్డ అత్తగారి వైపు ఏటవాలుగా సాగి గాల్లో నిలిచింది.

"బొమ్మని కట్టేస్తే గుండుకి పట్టుకుంది," అన్నాడు మేస్త్రీ, చేతులు కడుక్కుంటూ.

అత్తగారు బట్టల తీగ దగ్గరికి జరిగింది. గుండు చిన్నది కదా, బొమ్మలా నెల తీసుకోలేదు, చటుక్కున అటు తిరిగింది. "ఎండ మండిపోతోంది బాబూ," అంటూ ఆవిడ గుమ్మం వైపు నడిచింది. గుండు గుమ్మం వైపు నడిచింది.

"అత్తయ్యా," అంది కోడలు, మిషను వదిలి పెరట్లోకి వచ్చి. "ఇవాళ ఇరవై ఏడు."

ఆవిడ లోపలికెళ్ళి, దిండు గలీబులోంచి నలిగిన కవరు తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"నువ్వు స్నానానికెళ్ళినప్పుడు పోస్టుమాన్ ఇచ్చాడు. నిన్ను తీసుకున్నారు. అంగీ కుట్టు చాలా బాగుందట. వంకరేం లేదట."

"పద్దెనిమిది రోజులు!" కోడలు కవరు మీది తపాలా ముద్ర చూసి లెక్కేసింది. "పద్దెనిమిది రోజులు ఉత్తరం మీ తల కింద పెట్టుకుని, పగలంతా నా మిషను పక్కనే కూర్చుని, నన్ను దొంగలా చూశారు."

"చూశాను."

"ఎందుకత్తయ్యా?"

"నువ్వెళ్ళిపోతే నేనెవరితో పోట్లాడను? వీడితోనా? ఏమన్నా సరేనమ్మా అంటాడు."

కోడలికి కోపంతో ఏడుపొచ్చింది. రెండు రోజులు అత్తగారితో ఒక్క మాటా మాట్లాడలేదు.

ఇరవై తొమ్మిదిన పొద్దున్నే పెట్టె పట్టుకుని బయల్దేరింది. అత్తగారు పెరట్లో స్టూలెక్కి, కోడలి దారాలు తెంపే చిన్న కత్తెరని బొమ్మ చేతికి వేలాడగట్టి సిద్ధంగా ఉంది.

"ఇటొచ్చి నిలబడు. నెలకోసారైనా వస్తావా?"

"ఇంత చేసి, ఇంకా నామీదే అనుమానమా?"

"అనుమానమే. చెప్పు."

"వస్తాను."

ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. కత్తెర నూలుపోగంతైనా పక్కకి జరగలేదు.

"సరే, వెళ్ళు మరి," అంది అత్తగారు స్టూలు దిగుతూ. "నాకేం బెంగలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది."

కత్తెర మెల్లగా కదిలి, ఆవిడ వైపు సాగి, దారం తెగేంతగా బిగుసుకుంది.

కోడలు చూసింది. పెట్టె కింద పెట్టి, కత్తెర విప్పి అత్తగారి గుప్పిట్లో పెట్టి మూసింది.

"ఇది మీ దగ్గరుంచండి. వచ్చినప్పుడు కావాలి నాకు," అని పెట్టె అందుకుంది.