బట్టీపట్టిన అక్షరాలు

“నీకు అలసటగా ఉందన్నమాట,” అన్నాడు మొగుడు, వంటింటి గుమ్మంలో నిలబడి.

తోముతున్న గిన్నె ఆమె చేజారి సింకులో పడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట ఆ నోట రావడం ఇదే మొదలు. ఏం కొంప ముంచి వచ్చాడో! బండి ఎక్కడైనా గుద్దాడా, లేక వాళ్ళక్క పిల్లాజెల్లాతో దిగబోతోందా? ఊరికే ఎవరి నోటా తేనె కారదు. “ఏంటి సంగతి?” అంది తల తిప్పకుండానే.

సంగతేమీ లేదట. ఆఫీసువాళ్ళు మనస్తత్వశాస్త్రం క్లాసుకు పంపారట. ఎదుటి మనిషిని ఏ షరతూ లేకుండా ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలట. తప్పులెంచకుండా వినాలట, విన్నది మళ్ళీ మన మాటల్లో చెప్పాలట. అలా వినేవాళ్ళు ఒక్కరున్నా చాలు, ఏ మనిషైనా తను ఎదగగలిగినంతా ఎదుగుతాడట. చెబుతుంటే అతని మొహం వెలిగిపోయింది. హాల్లోంచి అత్తగారు, “మావాడికి చిన్నప్పట్నుంచీ ఓపికెక్కువ, నువ్వే తెలుసుకోలేదు,” అని అందుకుని, పనిలో పనిగా మంచినీళ్ళు కూడా అడిగింది.

కోడలు కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్ష చేస్తుంది. ముందువాళ్ళు చదువుతుంటే విని, బోర్డు మీది అక్షరాలు బట్టీపట్టి గడగడా ఒప్పజెప్పే ఘనులు రోజూ తగులుతూనే ఉంటారు. వాళ్ళతో వాదించదు. బోర్డు మారుస్తుంది, అంతే.

ఇప్పుడూ అదే చేసింది. వారంగా కడుపులో దాచుకున్న మాట బయటపెట్టింది.

“మా షాపాయన కొత్త షాపు నన్ను చూసుకోమన్నాడు. ఈ రాత్రిలోగా ఏదో ఒక మాట చెప్పాలి. రోజూ మీరు లేవకముందే బయల్దేరాలి.”

అతను తల పంకించాడు. “నీకు కొత్త షాపు చూసుకోవాలని ఉందన్నమాట.”

“చాలా ఉంది,” అంది ఆమె. నిజంగానే వింటున్నాడేమో! అనవసరంగా అనుమానించానేమోనని సిగ్గుపడింది కూడా.

“కానీ నువ్వెళ్తే పొద్దున్న వంట, అమ్మ మందులు ఏమైపోతాయోనని భయంగా ఉందన్నమాట,” అన్నాడు అదే మెత్తని గొంతుతో.

ఆమె కుళాయి కట్టేసింది.

“భయమని నేనన్లేదే.”

“పైకి అనవు. లోపల ఉంటుంది.”

“నా లోపల లేదు. మీ లోపల ఉంది.”

“ఇప్పుడు నేనేమైనా వద్దన్నానా?” అతని గొంతులో మెత్తదనం ఎటుపోయిందో పోయింది. “మంచిగా మాట్లాడినా తప్పేనా నీతో!”

ఆమె అతని మొహంలోకి చూసింది. అచ్చం అతనిలాగే తల పంకించి, అంతే మెత్తగా అంది.

“ఈ గిన్నెలు రేపట్నుంచి ఎవరు తోమాలోనని మీకు భయంగా ఉందన్నమాట.”

ఆమె నురగతో ఉన్న పీచు అతని చేతిలో పెట్టి, చీర చెంగుకు చేతులు తుడుచుకుని షాపాయనకు ఫోన్ చేసింది.

“రేపు తాళాలు నాకే ఇవ్వండి,” అంది.