ఉత్తరం గుర్తు

వాతావరణ కేంద్రంలో మెకానిక్ అప్పటికే స్తంభం సగం ఎక్కి, కింద నిలబడ్డ పరిశీలకురాలి మీద విసుక్కుంటున్నాడు. గాలి వేగం చూపే గిన్నెలు పొద్దుటి నుంచి తిరగడం లేదని ఆఫీసుకు ఫోన్ చేసింది ఆవిడే. అతని దృష్టిలో లోకంలో సగం మంది చేతకానివాళ్లు, మిగతా సగం బుర్రలేనివాళ్లు. ఆవిడ రెండింట్లోనూ ఉంది.

బొద్దు మనిషి. మెడ మడతల్లో చెమట, బెల్టుకు వేలాడే పానాలు. కాలి కింద మెట్టు కదిలితే, దీన్ని ఏ వెధవ బిగించాడో అని తిట్టాడు. బిగించింది తనే.

గిన్నెల కింద బేరింగ్‌లో దుమ్మూ నూనే కలిసి జిగురులా గడ్డకట్టాయి. విప్పి, తుడిచి, కొత్తది వేశాడు. చిన్న గాలికే గిన్నెలు గిర్రున తిరిగాయి. అంతటితో దిగిపోయేవాడే. ఆవిడ, గాలి దిక్కు చూపే పరికరం కూడా చూడమంది. పొగ ఇటు పోతుంటే యంత్రం అటు అంటోందని వానలకు ముందే చెప్పిందావిడ. దిక్కులు తెలియకపోతే పొద్దున్నే లేచి సూర్యుణ్ణి చూడమన్నాడు అప్పుడు. ఆ మాట చెప్పి ఆఫీసంతా నవ్వించాడు కూడా.

దిక్సూచి పెట్టి చూశాడు. పరికరం మీద ఉత్తరానికి ఉండాల్సిన గుర్తు నేరుగా దక్షిణానికి తిరిగి ఉంది. పోయినసారి పరికరం మార్చింది అతనే. చెవులు వేడెక్కాయి. గబగబా బోల్టు వదులు చేసి, సరిగ్గా తిప్పి బిగించాడు.

కిందికి దిగి, "గద్ద ఏదో వాలినట్టుంది, తిరిగిపోయింది," అన్నాడు.

ఆవిడ అతని బెల్టుకు వేలాడే పానాల వైపు చూసింది. "గద్ద పానా కూడా తెచ్చుకుందా సార్?" అంది మెల్లగా.

ఇంటి దారి పొడుగునా ఆవిడ పొగరునే తిట్టుకున్నాడు. గద్ద కథ ఇంట్లో భార్యకు చెప్పాలి. ఏం చెప్పినా ఊ కొడుతుంది. ఊ కొట్టడం తప్ప దానికేమీ రాదని అతని నమ్మకం. తాళంచెవి పోయినా, కూతురు తనతో మాట్లాడ్డం మానేసినా తప్పు ఆమెదే అయ్యేది. ఆమె దానికీ ఊ కొట్టేది. పొద్దున అతను సామాన్లు సర్దుకుంటుంటే వెనక నిలబడి, వెళ్తున్నానంది. బజారుకేమో అనుకుని తల తిప్పలేదు.

తలుపు దగ్గరగా వేసి ఉంది. వంటింట్లో పళ్లాలు కడిగి బోర్లించి ఉన్నాయి. బీరువాలో ఆమె అర ఖాళీ. మరదలికి ఫోన్ చేశాడు.

"అక్క ఇక్కడే ఉంది బావా. పడుకుంది. లేపను."

"ఎప్పుడొస్తుందట?"

"రాదు బావా."

దానికి బుర్ర ఉందా అని మొదలుపెట్టాడు. అవతల ఫోన్ పెట్టేసిన సంగతి కాసేపటికి గాని తెలియలేదు.

కిటికీ పక్కన ఆమె కూర్చునే కుర్చీలో, అతని కోసం అల్లుతున్న బూడిదరంగు స్వెటర్ ఒక చెయ్యి దాకా వచ్చి ఆగిపోయి ఉంది. సూదులు మాత్రం తీసుకెళ్లింది. ఆఖరి వరస కుట్లు దేన్నీ పట్టుకోకుండా అలాగే నిలబడి ఉన్నాయి.