బొమ్మకు బీపీ

రోగుల సేవ నేర్పే ఆ గదిలో మంచానికో రబ్బరు బొమ్మ, బొమ్మకు నలుగురు ఆడవాళ్లు. "చిన్న గుంపులైతే అందరి చేతికీ పని వస్తుంది" అని టీచరమ్మ అన్నప్పుడు చంటితల్లి నమ్మింది. చంటిదాన్ని ఆడపడుచు చేతిలో పెట్టి, అది ఏడుస్తోందో నిద్రపోయిందో అని గుండె పీకుతుండగా వచ్చే మనిషి. బడి ఎనిమిదితోనే ఆగింది. నమ్మక ఏం చేస్తుంది?

మొదటిరోజే గుంపులో ఒక్కతే డిగ్రీ చదివిన 'డిగ్రీ అక్క' పనులు పంచేసింది. బీపీ చూడటం తనది. "బెడ్‌పాన్ నీదే చంటితల్లీ, నీకు అలవాటేగా!" మిగతా ఇద్దరూ కిసుక్కున నవ్వారు. ఆ పంపకం మళ్లీ మారలేదు. నేర్పడానికని టీచరమ్మ బెడ్‌పాన్‌లో పోసే పులిసిన జావ కంపుకన్నా ఆ నవ్వే చంటితల్లికి ఎక్కువ రోతగా ఉండేది.

రేపే పరీక్ష. ఎవరికి వారే మనిషి చేతికి బీపీ చూడాలి. తప్పితే ఆసుపత్రిలో పని లేనట్టే.

"అక్కా, ఆ బీపీ పట్టీ ఒకసారి ఇవ్వవా?"

"చూసేశాగా. నూట ఇరవై, ఎనభై."

"ఎవరికి?"

"బొమ్మకే. రోజూ అంతేగా!"

చంటితల్లి బొమ్మ మోచేతి మడత నొక్కింది. పదిమంది చెమట పట్టి జిడ్డోడుతున్న రబ్బరు, లోపల స్పాంజి. దీనికి నాడెక్కడిది? ఇన్నాళ్లూ డిగ్రీ అక్క అంకె చెప్పడం, తాను గంగిరెద్దులా తలూపడం. ఒళ్లంతా జెర్రి పాకినట్టయింది.

"నువ్వెప్పుడైనా నాడి చప్పుడు విన్నావా అక్కా?"

డిగ్రీ అక్క ముఖం మాడింది. "గుంపన్నాక సర్దుకోవాలి. అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరే?"

"ఇవాళ నువ్వే." చంటితల్లి జావ నిండిన బెడ్‌పాన్ ఆమె చేతుల్లో పెట్టి, పట్టీ లాక్కుంది.

నవ్విన ఇద్దరిలో ఒకతె గబగబా చెయ్యి చాపింది. "నాకు చూడవే. నాకూ నూట ఇరవయ్యేనేమో! తర్వాత నీ చెయ్యి నాకివ్వాలి, సరేనా?"

స్టెతస్కోపు కొనలకు ఎవరి చెవి గులిమో అంటుకుని ఉంది. చంటితల్లి అసహ్యంగా దూదితో తుడిచి చెవుల్లో పెట్టుకుంది. పట్టీ బిగించి, గాలి కొట్టి, మెల్లగా వదిలింది. ఏమీ లేదు. మళ్లీ కొట్టింది.

వెనక డిగ్రీ అక్క భళ్లున కక్కుకుంది.

చంటితల్లి తల తిప్పలేదు. ఎక్కడో లోతున దబ్, దబ్ మంటోంది. మీటరు ముల్లు మీద చూపు చెదరకుండా ఊపిరి బిగబట్టింది.